నిండు టాంకు

ఆదినారాయణ గేటు దాటి లోపలికి వచ్చి గంటైంది. మత్తయి ఇంకా అతని మొహం చూడలేదు.

వరండాలో కుర్చీ వేసుకుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అది నిన్నటి పేపరు. ఈ గేటు లోపల కాలు పెడితే విరగ్గొడతానని పంతొమ్మిదేళ్ళ కిందట ఊరందరి ముందూ తాను బెదిరించిన మనిషి, ఊరి మెకానిక్కు, ఇప్పుడు పెరట్లో రేకుల కింద గోనెపట్టా పరుచుకుని, తన యెజ్డీ బండి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిలిచింది పరాయివాళ్ళు కాదు. కన్నకూతురు.

"నాన్నా, బాబాయి గారు అడుగుతున్నారు. సిలిండర్లో ఏం పోసేవు?"

సుప్రియ వరండాకీ పెరటికీ మధ్య గుమ్మంలో నిలబడింది. చేతులకి నల్లటి గ్రీజు. నుదుటి మీద కూడా.

"ఆయనకి నోరు లేదా?"

"నీకు చెవుల్లేవా అని ఆయన అడగట్లేదు కదా. చెప్పు."

"కొబ్బరి నూనె."

పెరట్లోంచి దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకోడానికి దగ్గిన దగ్గు.

"పట్టేసిన పిస్టన్‌కి డీజిలు పోస్తారమ్మా," అన్నాడు ఆదినారాయణ, ఎదురుగా ఉన్న గోడకి చెబుతున్నట్టు. "కొబ్బరి నూనె తలకి రాసుకుంటారు."

"అతనికి చెప్పు," అన్నాడు మత్తయి పేపరు లోంచి. "మన పెరట్లో డీజిలు కాయదు, కొబ్బరి కాస్తుందని."

"చెప్పక్కర్లేదమ్మా. వినపడిందండి."

"వినపడితే పని చూసుకోమను."

"ఆయ్, అదే చూస్తున్నానండి."

సుప్రియ ఇద్దరి వంకా చూసింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు. రోడ్లు, కాలవలు, కల్వర్టులు కొలిచే ఉద్యోగం. ఈ గంట నుంచీ ఇద్దరు ముసలాళ్ళ మాటలు మోసే ఉద్యోగం కూడా మీద పడింది.

"ఇదిగో, ఇద్దరికీ చెబుతున్నా. నేను పోస్టు సంచిని కాను. ఇకమీదట ఎవరి మాట వాళ్ళే మోసుకోండి."

పోస్టు అన్న మాటకి పెరట్లో పానా చప్పుడు ఆగింది, వరండాలో పేపరు ఇంకొంచెం పైకి లేచింది.

ఆ ఇంటి ముందు గదే ఒకప్పుడు ఊరి పోస్టాఫీసు. మత్తయి భార్య మేరీ పోస్టుమాస్టరు. ఊరందరికీ పోస్టమ్మగారు. ఇప్పుడా గదిలో కొబ్బరికాయలు పోశారు. కిటికీకి ఉత్తరాల పెట్టె బిగించిన మేకులు మాత్రం అలాగే ఉన్నాయి. మత్తయి పీకలేదు, ఎవర్నీ పీకనివ్వలేదు.

సుప్రియ మాట జారినందుకు పెదవి కొరుక్కుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

బండి మీద టార్పాలిన్ పట్టా ఆ పిల్ల లాగేసి మూడు నెలలైంది. జీతంలో ఇంటికి పోగా మిగిలిందే బండికి. అందుకని ఏదీ కొత్తది కొనలేదు. సైలెన్సర్లు రెండూ తాటిపాక తుక్కు కొట్టులో ఏరుకొచ్చింది. సీటుకి పాత రెగ్జిను తిరగేసి కుట్టించింది. టాంకు లోపల తుప్పు వదలడానికి కంకర చిప్స్ పోసి, మేరీ పాత చీరతో దూలానికి ఉయ్యాల కట్టి, టాంకుని అందులో పడుకోబెట్టి నాలుగు ఆదివారాలు ఊపింది. ప్రార్థన నుంచి వచ్చే ఆడవాళ్ళు గేటు దగ్గర ఆగి, "మేస్టారింట్లో ఉయ్యాల ఊగుతోందేంటి? మాకు చెప్పనేలేదే!" అని వేళాకోళం ఆడారు. టాంకు మూతని చింతపండుతో తోమి తళతళలాడించింది. కొత్త మూత దొరకలేదు. దొరికినా కొనేది కాదు.

"ఎందుకే ఈ చాకిరీ?" అని మత్తయి అడిగినప్పుడల్లా ఆ పిల్లది ఒకటే జవాబు.

"ఆ రోజు ఎందుకు ఆగిందో తెలియాలి."

"నాకు తెలుసు. ఆదినారాయణ ఆపేడు."

"ఎలా ఆపేడు?"

మత్తయి దగ్గర ఉన్నది పంతొమ్మిదేళ్ళ కోపం.  కూతురు ఇంజనీరింగు చదివింది. కోపాన్ని జవాబుగా తీసుకునే రకం కాదు.

పెరట్లో కిక్కు చప్పుడు. ఒకటి. రెండు. మూడోదానికి ఇంజను దగ్గింది, ఆగింది. నాలుగోదానికి అందుకుంది.

మత్తయి పేపరు దించలేదు. కానీ చెవులు దించుకునే వీలు లేదు కదా. డబ్‌డబ్‌మని రెండు సైలెన్సర్ల చప్పుడు వరండా గచ్చులోంచి పాదాలకి ఎక్కింది. తర్వాత పొగ వచ్చింది. పొగతోపాటు వాసన.

పక్కింటి మాణిక్యం గోడ మీంచి తల పెట్టింది.

"ఏవండోయ్ మేస్టారూ, జంతికలు వండుతున్నారా?"

"బండి వండుతున్నాం," అన్నాడు మత్తయి.

"కొబ్బరి నూనె మాడుతోందమ్మా," అన్నాడు ఆదినారాయణ. "రెండు రోజులు ఇలాగే ఉంటుందండి. ఎవరికైనా ఆకలేస్తే నన్ను తిట్టొద్దండి."

మాణిక్యం పగలబడి నవ్వింది. సుప్రియ నవ్వింది. మత్తయికి పెదవి చివర కొంచెం కదిలినట్టు అనిపించి, వెంటనే బిగించాడు. ఆ మనిషి మాటకి ఈ ఇంట్లో నవ్వు పుట్టడం ఏమిటి?

ఆదినారాయణ బండి ఎక్కి ఊరు మూడు చుట్లు తిరిగి వచ్చాడు. బండి ఎక్కడా ఆగలేదు. బండి దిగి, స్టాండు వేసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆ మాట అన్నాడు.

"బండిలో ఏం లేదండి."

మత్తయి పేపరు కింద పడింది.

"విన్నావా? అదే మాట! ఆ రోజూ అదే మాట!" లేచి నిలబడ్డాడు. మాట కూతురితోనే, చూపు కూతురితోనే. "మీ అమ్మ గట్టు మీద కూలబడి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, అరగంట కిక్కు కొట్టినా లేవని బండి ఇతను చెయ్యి పెట్టగానే ఒక్క కిక్కుకి లేచింది. ఏం చేసేవయ్యా అంటే, బండిలో ఏం లేదండి అన్నాడు. ఏం లేనిది ఎందుకు ఆగింది? ఏం చెయ్యనిది ఎందుకు లేచింది? అంతకు రెండు రోజుల ముందే ఇతని చేత్తో సర్వీసు చేసిన బండి!"

"అప్పుడూ నిజమే చెప్పేనండి," అన్నాడు ఆదినారాయణ. నెమ్మదిగానే అన్నాడు. "ఏం కనపళ్ళేదండి నాకు. కనపడకపోతే ఉందని ఎలా చెప్పను?"

"అరగంట ముందు తెచ్చుంటే బతికేదన్నాడు డాక్టరు. ఆ అరగంట ఎవరిదో అడుగు!"

 మాణిక్యం తల గోడ మీంచి మాయమైంది.

సుప్రియ వచ్చి కింద పడ్డ పేపరు మడిచింది. మడత మీద మడత వేస్తూ అడిగింది.

"నాన్నా, అప్పట్లో నువ్వు బండిలో పెట్రోలు ఎంత పోయించేవాడివి?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"లీటరు. జీతం వచ్చిన వారం రెండు. అందరూ అంతే. ఈ ఊళ్ళో టాంకులు ఎవరు నింపుతారు?"

"ఆ రోజు?"

మత్తయికి గుర్తొచ్చింది. ఆ రోజు తెల్లవారుజామున మేరీకి ఉబ్బసం ఎక్కువైంది. బంకు వాడిని నిద్ర లేపాడు. అమలాపురంలో చూడకపోతే కాకినాడ వెళ్ళమంటారు, దారిలో బంకులు తెరవరు అనుకున్నాడు.

"నింపించేను," అన్నాడు. "అంచుదాకా."

పెరట్లో పానా గచ్చు మీద పడిన చప్పుడు.

"నింపించేరా?" ఆదినారాయణ లేచి గుమ్మం దాకా వచ్చేశాడు. "ఆ సంగతి నాకు చెప్పనేలేదేంటండి మీరు?"

"నన్ను అడిగేడేమో అడుగు," అన్నాడు మత్తయి కూతురితో.

"అడగలేదండి. నా బుద్ధి గడ్డి తిన్నదండి. వచ్చీ రాగానే మూత తీసి చూసేను. పెట్రోలు ఉంది. ఉందా లేదా అన్నదే చూసేను. నిండా ఉందేంటి అనుకోలేదు. పెట్రోలు లేక బండి ఆగుతుంది గానీ, ఉండి ఆగుతుందని ఎవడనుకుంటాడండి?"

"మూత తీసినప్పుడు బుస కొట్టింది," అంది సుప్రియ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నేను టాంకు మీదే కూర్చున్నాను కదా ఆ రోజు. నాన్నకి ముందు నేను, వెనకాల అమ్మ. బండి ఆగిపోయేక ఎవరో చెబితే మీరు పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తి కింద పెట్టేరు. మూత తిప్పేరు. టాంకులోంచి బుస్సుమంది. టాంకులో పాముంది నాన్నా అన్నాను." ఆమె తండ్రి వైపు చూడలేదు. "నాన్న చెంప మీద కొట్టేడు. అప్పట్నించీ ఎవరితోనూ అనలేదు."

మత్తయికి ఆ దెబ్బ గుర్తుంది. చేతికి గుర్తుంది. ఏ మాటకి కొట్టాడో ఇప్పుడే తెలిసింది.

"ఇంకోటి. మన ఇంటి నుంచి, బండి మొదటిసారి ఆగిన కాలవ లాకుల దాకా ఎంత దూరమో, లాకుల నుంచి అమలాపురం పొలిమేరలో మళ్ళీ ఆగిపోయి మనం రిక్షా ఎక్కిన చోటికి దాదాపు అంతే దూరం. మొన్న ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు కొలిచేను. పాడైన బండి ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. ఇది కొలిచినట్టు ఆగింది. ఎందుకు?"

ఆదినారాయణ గడ్డం గోక్కున్నాడు. ముసలి కళ్ళల్లో ఏదో వెలిగింది. చేపకి గాలం తగిలినప్పుడు మనిషి మొహంలో కనిపించే వెలుగు అది.

"నింపుదామండి," అన్నాడు. "నింపి, ఆ దారినే పోదాం."

"ఆ బండి ఆ గట్టెక్కదు," అన్నాడు మత్తయి.

"ఎందుకెక్కదు?"

"నేనెక్కించను గనక."

"అయితే నేనెక్కిస్తాను," అంది సుప్రియ. "నువ్విక్కడే కూర్చుని నిన్నటి పేపరు చదువుకో."

ఆమె తాళం తీసుకుని పెరట్లోకి నడిచింది. మత్తయి ఆ నడక చూశాడు. మేరీ టెలిగ్రాం పట్టుకుని బయల్దేరితే అలాగే నడిచేది. ఎదురెళ్ళి ఆపిన మగవాడు లేడు.

"నీకు ఆ గేరు కాలికి అలవాటు లేదు," అన్నాడు వెనకనుంచి. "కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. గట్టు మీద తడబడ్డావంటే కాలవలో ఉంటావు. ఆగు. చొక్కా వేసుకుని వస్తాను."

•

బంకు కుర్రాడు మూడుసార్లు అడిగాడు. "నింపెయ్యమంటారా మేస్టారూ? నిజంగానే? ఫుల్లా?"

"అంచుదాకా."

కుర్రాడు పెట్రోలు వంక కాకుండా మత్తయి మొహం వంక చూస్తూ పోశాడు. మూత మీద కొత్త వాషరు ఆదినారాయణే వేశాడు. మత్తయి మూత బిగించాడు.  

గట్టు మీదికి ఎక్కేసరికి పొద్దు బారెడు పైకి వచ్చింది. ఎడమ పక్క కాలవ. కుడి పక్క కొబ్బరి తోటలు, మధ్యమధ్యలో రొయ్యల చెరువులు. అప్పట్లో అక్కడ వరి ఉండేది. వెనకాల సుప్రియ. ఆ వెనక టీవీఎస్ బండి మీద ఆదినారాయణ, హ్యాండిలుకి పనిముట్ల సంచి వేలాడేసుకుని.

ఎక్కే ముందు కాళ్ళు ఏమంటాయో అనుకున్నాడు మత్తయి. కాళ్ళు ఏమీ అనలేదు. మొదటి గేరు, రెండు, మూడు. అన్నీ అవే వేసుకున్నాయి. పంతొమ్మిదేళ్ళు పడుకున్న బండి గట్టు గాలికి హాయిగా పోతోంది. ఆయనకి అది నచ్చింది. నచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"బాగుంది నాన్నా!" అంది సుప్రియ చెవి దగ్గర.

ఆయన చప్పుడు వింటున్నాడు. ఇటుకల బట్టీ దాటింది. చర్చి మలుపు దాటింది. చప్పుడు ఒకే తీరుగా ఉంది. ఆగదేమో. ఆగకూడదు. ఆగకపోతే తప్పు ఆదినారాయణదే అవుతుంది.

ఆ ఆలోచన వచ్చి, తనకే సిగ్గనిపించింది. బండి బాగుండాలనా తన కోరిక, ఆ మనిషి దోషి కావాలనా?

లాకులు కనిపించాయి. దూరంగా, తెల్లగా.

అప్పుడు చప్పుడు సన్నబడింది. ఎవరో గొంతు మీద చెయ్యి వేసినట్టు. మత్తయి యాక్సిలేటరు పిడి తిప్పాడు. ఇంజను రెండుసార్లు ఎగపోసి ఆగిపోయింది. బండి తన బరువు మీద నాలుగు బారలు నడిచి, పాత మైలురాయి పక్కన నిలబడింది.

ఆ రోజు మేరీ ఆ రాయికే చేరగిలబడింది.

 కాలవలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

ఆదినారాయణ టీవీఎస్ ఆపి వచ్చాడు. గొంతుక్కూర్చుని కార్బొరేటరు దగ్గర పెట్రోలు పైపు ఊడదీశాడు. పైపు కింద అరచెయ్యి పట్టాడు. పెట్రోలు కాక్ తెరిచే ఉంది. ఒక్క చుక్క రాలేదు.

"చూడండి," అన్నాడు.  "టాంకు అంచుదాకా ఉంది. చుక్క దిగట్లేదు."

"మూత తియ్యమంటారా?" అంది సుప్రియ.

"నేను తియ్యనమ్మా. అప్పుడు నేను తీసినందుకే ఇదంతా వచ్చింది. మేస్టారు తియ్యాలి."

మత్తయి మూత మీద చెయ్యి వేశాడు. అది చల్లగా ఉంది. తిప్పాడు.

బుస్సుమంది.

ఆదినారాయణ అరచేతిలో పెట్రోలు ధారగా పడింది. పొంగి మణికట్టు మీంచి కారింది. అతను చెయ్యి తియ్యలేదు. ముగ్గురూ ఆ ధారనే చూస్తున్నారు.

"పాము," అంది సుప్రియ. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. "పాము ఉంది నాన్నా. నేను అబద్ధం ఆడలేదు."

"లేదమ్మా," అన్నాడు మత్తయి. ఆ మూడక్షరాలూ చాలా దూరం నుంచి తెచ్చినట్టు వచ్చాయి.

"పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి పోవాలండి," అన్నాడు ఆదినారాయణ పైపు తగిలిస్తూ. "దానికి మూతలో బెజ్జం ఉంటుంది. ఇది మూసుకుపోయింది. టాంకులో లీటరే ఉంటే మిగతాదంతా గాలే కదండి, ఆ గాలితో చాలా దూరం పోతుంది. ఈలోపు మనం మళ్ళీ లీటరు పోయించడానికి మూత తీస్తాం, కొత్త గాలి పోతుంది. ఏళ్ళ తరబడి తిరిగినా తెలీదండి. నింపిన రోజున లోపల గాలి ఉండదు. కొంచెం పెట్రోలు దిగేసరికి…"

మాట పూర్తి చెయ్యలేదు. ఊపిరాడక అని అనాలి. ఆ మైలురాయి పక్కన ఆ మాట అనలేకపోయాడు.

సుప్రియ అప్పటికే ఫోన్లో ఏదో రాసుకుంటోంది. "కల్వర్టు నంబరు చూసొస్తాను. కచ్చితంగా ఎన్ని మీటర్లో కావాలి నాకు," అని లాకుల వైపు గబగబా నడిచింది. వంద అడుగుల దూరం వెళ్ళింది.

ఆదినారాయణ మూతని తిరగేసి ఎండకి పట్టాడు. అంచు కింద, కొత్త వాషరు పక్కన, ఆవగింజంత చోట నల్లటి మురికి. చొక్కాకి బొత్తాం ఉండాల్సిన చోట ఉన్న పిన్నీసు తీసి గీకాడు. పైన నలుపు పోయింది.

లోపల ఎర్రగా ఉంది.

మళ్ళీ గీకాడు. చిన్న పెచ్చు ఊడి అతని అరచేతిలో పడింది. గట్టిగా, నున్నగా, ఎర్రగా.

మత్తయి దాన్ని వేలితో తీసుకున్నాడు. తీసుకునే ముందే తెలిసింది.

లక్క.

రోజూ సాయంత్రం నాలుగింటికి మేరీ కొవ్వొత్తి వెలిగించేది. లక్క కడ్డీ మంటకి చూపించి, పోస్టు సంచి మూతి ముడి మీద బొట్లుబొట్లుగా వేసి, ఇత్తడి సీలు కొట్టేది. సుప్రియ బడి నుంచి వస్తే నోటు పుస్తకం అట్ట మీద కూడా ఒక బొట్టు వేసి సీలు కొట్టేది. ఆ పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ పిల్ల ఈ ఎరుపుని ఎక్కడ చూసినా పోల్చుకుంటుంది.

"పెట్రోలుకి లక్క కరగదండి," అన్నాడు ఆదినారాయణ నేల చూస్తూ. "ఎన్నేళ్ళున్నా కరగదు. పోస్టమ్మగారికి ఎలా తెలిసిందో."

మత్తయికి ఆ ఏటి వానాకాలం మొత్తం ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చింది. టాంకులోకి నీళ్ళు దిగుతున్నాయని ఇంట్లో వారం రోజులు చిందులు తొక్కాడు. బడికి ఆలస్యమైందని కంచం తోసేశాడు. నీకేం, ఇంట్లో కూర్చుని ముద్రలు కొట్టుకుంటావు, తడిసేది నేను అన్నాడు. తర్వాత నీళ్ళు దిగడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడగలేదు. మేరీ చెప్పలేదు. చేసిన మంచిని చెప్పుకునే అలవాటు ఆమెకు లేదు, అడిగే అలవాటు తనకు లేదు.

"ఆ బెజ్జం చూపించింది నేనేనండి," అన్నాడు ఆదినారాయణ. మత్తయితోనే అన్నాడు, నేరుగా, గోడలేవీ లేకుండా. "మా అమ్మ పింఛను కోసం వచ్చినప్పుడు అడిగేరు. నీళ్ళు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయి ఆదినారాయణా అని. ఇదిగో ఇక్కణ్ణుంచమ్మా అన్నాను. మూయమనలేదండి. మూయొద్దనీ అనలేదు."

మత్తయి పిడికిలి మూశాడు. లక్క పెచ్చు అరచేతిలో గుచ్చుకుంది.

చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది.

"లెక్క సరిపోయింది!" అంది సుప్రియ రొప్పుతూ. "ఏంటి? తెలిసిందా? బెజ్జం ఎలా మూసుకుపోయింది? తుప్పా?"

 ఆదినారాయణ మూతని గుడ్డతో గట్టిగా తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు.

"తుప్పు కాదమ్మా. ఎం-సీలు ముద్ద. నేను పెట్టిందే."

"మీరా?"

"మేస్టారు నీళ్ళు దిగుతున్నాయని గొడవ పడుతుంటే సర్వీసులో మూసేసేను. తర్వాత మర్చిపోయేను. తప్పు నాదేనమ్మా."

సుప్రియ మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది.

"మూసింది మీరు."

"ఆయ్."

"ఆ రోజు ఇక్కడికి వచ్చి, మూత తీసి, మళ్ళీ పెట్టి, బండిలో ఏం లేదండి అన్నది మీరు."

"ఆయ్."

"మూడు నెల్లుగా మా నాన్నతో మీ తరఫున పోట్లాడుతున్నాను నేను. ఆయన మొండివాడు, మీరు మంచివాళ్ళు అని."

ఆదినారాయణ చేతిలోని గుడ్డని మడత పెట్టాడు.

"వెళ్ళిపోండి బాబాయి గారూ," అంది సుప్రియ. గట్టిగా అనలేదు. "ఇంకెప్పుడూ మా గేటు తియ్యకండి. నాన్నా, నువ్వు అన్నదే నిజం. నన్ను క్షమించు."

పంతొమ్మిదేళ్ళు మత్తయి అడిగింది ఇదే. ఆ మనిషి నోటి వెంట ఆ ఒక్క మాట. రాత్రిళ్ళు ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఆ మాట వచ్చిన రోజు మేరీ సమాధి దగ్గరికి వెళ్ళి చెప్పాలనుకున్నాడు. వచ్చింది. అడక్కుండానే వచ్చింది, కూతురి ఎదుట వచ్చింది. తాను నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. మేరీ ఉన్నచోట మేరీ, కోపం ఉన్నచోట కోపం.

ఆదినారాయణ మూత తెచ్చి బండి సీటు మీద పెట్టాడు. పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. సంచి హ్యాండిలుకి తగిలించాడు. మత్తయి వంక ఒకసారి చూశాడు. ఆ చూపులో అడగడం లేదు. చెప్పొద్దని మాత్రం ఉంది. టీవీఎస్‌ని తోసుకుంటూ, స్టార్టు చెయ్యకుండానే, గట్టు వెంట నడక మొదలుపెట్టాడు. వీపు వంగిపోయింది. ఈ మనిషి ఎప్పుడు ఇంత ముసలివాడయ్యాడు?

పది అడుగులు. ఇరవై.

"ఆగు ఆదినారాయణా."

తండ్రి అతన్ని పేరు పెట్టి పిలవడం ఆ రోజు తర్వాత సుప్రియ ఎప్పుడూ వినలేదు. తండ్రి వైపు తిరిగింది. ముందు మొహం చూసింది. తర్వాత, బిగించి ఉన్న కుడి పిడికిలి చూసింది.

గట్టు మీద ఆదినారాయణ ఆగాడు. వెనక్కి తిరగలేదు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఆ చేతిలో ఏవుంది నాన్నా?"

మత్తయి పిడికిలి విప్పలేదు. జేబులోనూ పెట్టుకోలేదు.